గుంట అన్నందుకు సూది

రిటైరయ్యాక నన్ను నర్సింగు స్కూలు వాళ్ళు అప్పుడప్పుడూ పిలుస్తుంటారు. శాలువా కప్పి, కుర్చీలో కూర్చోబెట్టి, "సిస్టర్, మా పిల్లలకి ఓర్పు గురించి నాలుగు మాటలు చెప్పండి" అంటారు. నాతో పనిచేసిన వాళ్ళెవరైనా ఆ మాట వింటే పగలబడి నవ్వుతారు. నా సర్వీసు మొత్తంలో నా దగ్గర లేనిదే అది. పిచ్చాసుపత్రి వార్డులో చేసినప్పుడూ, ఆ తర్వాత అనకాపల్లిలో గురువారం గురువారం నడిచే మానసిక రోగుల ఓపీ చూసినప్పుడూ, నా కేకలు వినబడితే ఫార్మసిస్టు మందుల కిటికీ మూసేసుకుని లోపల టీ తాగేవాడు. "సిస్టరు కోపం దిగేక తెరుత్తాను" అనేవాడట. అందుకని ఓర్పు సంగతి ఇంకెవరినైనా అడగండి. నాకు ఇప్పటికీ చల్లారని కోపం ఒకటుంది. కొత్తగా తెల్ల డ్రెస్సు వేసుకున్న పిల్లలూ, దాని గురించే రాస్తున్నాను.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి. వీధికో ఎస్టీడీ బూతు ఉండేది. మా ఓపీ ఒక పాత స్టోరు గది. రెండు బల్లలు, ఒక బీరువా, తిరగాలా వద్దా అని ఆలోచించే ఒక ఫ్యాను. డాక్టరు గారు విశాఖపట్నం నుంచి వచ్చేవారు. మంచివారే, గుంటూరు వైపు మనిషి, గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయన వచ్చేలోగా వచ్చిన వాళ్ళని కూర్చోబెట్టి కేసు షీటులో మొదటి భాగం రాయడం నా పని.

ఆ మొదటి భాగం గురించి చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని చుట్టూనే తిరిగింది. రోగి బాధని రోగి మాటల్లోనే రాయాలి. మా పాత మేట్రనమ్మ దగ్గర నేర్చుకున్న పని అది. ఒకసారి ఒక బెల్లం మార్కెట్టు కూలీ "గుండెల్లో పాకం మరుగుతోంది" అంటే నేను తెలివిగా "ఛాతీలో మంట" అని రాశాను. ఆవిడ షీటు లాక్కుని చదివి, "ఏమ్మా, నిన్ను దుబాసీగా పెట్టుకున్నామా? ఆయన పాకం అన్నాడు. పాకం అని రాయి. దానర్థం ఏమిటో తర్వాత చూద్దాం" అంది. ఆ తిట్టు నాకు బాగా పనికొచ్చింది.

ఒక గురువారం కోటవురట్ల వైపు పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. చెరుకు నరికే మనిషి. అరచేతుల నిండా కోతలు. వెంట ఒక చిన్న పిల్ల, బడి బట్టల్లో ఉంది. ఆ పిల్ల మా తలుపు రెక్క పట్టుకుని ఊగుతుంటే తల్లి కసిరింది.

"ఏయ్ గుంటా, తలుపిరిసేత్తావా ఏటి? ఇలగొచ్చి కూకో."

పిల్ల వచ్చి కూర్చుంది. ఆవిడ కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడే అడిగింది.

"సిస్టరమ్మా, మా ఆయనకి పిచ్చని కాయితం రాసిత్తారేటి?"

"ఆయనేడీ? తీసుకొచ్చావా?"

"ఇక్కడ లేడమ్మా. గల్ఫులో ఉన్నాడు. జైల్లో."

నేను పెన్ను కింద పెట్టాను. వరసలో ఉన్న వాళ్ళని ఆగమని చెప్పి ఆవిడని బలవంతంగా కూర్చోబెట్టాను.

ఆవిడ చెప్పింది ఇది. మొగుడు బెల్లం గానుగ దగ్గర పాకం కాసే మనిషి. ఏజెంటొకడు తోటపని అని చెప్పి పంపించాడు. అక్కడ దిగాక తోటా లేదు, చెట్టూ లేదు. ఎడారిలో మేకల మందని అప్పజెప్పారు. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు తప్ప మనిషి మొహం కనపడదు, ఆ డ్రైవరుకి ఇతని భాష రాదు. ఫోను లేదు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది. చాన్నాళ్ళు అలా గడిపి, ఒకరోజు మేకల్ని వదిలేసి రోడ్డు కనపడేదాకా నడిచాడు. పారిపోయాడని యజమాని కేసు పెట్టాడు. అంతే, జైలు.

"మొన్న కానిస్టేబులొచ్చేడమ్మా. ఈ మడిసి మీ వోడేనా అని అడిగేడు. మా వోడే బాబూ అన్నాను. జైల్లో తిండి మానేసేడంట, సచ్చిపోతానంటన్నాడంట, పిచ్చెక్కిందంట అని సెప్పేడు. అంతే, ఎల్లిపోనాడు. ఏజెంటు కాడికెల్తే, ముందునుంచీ పిచ్చుందని ఆసుపత్రి కాయితం తే, జాలిపడి ఒగ్గేత్తారు అన్నాడు."

"ఉందా మరి ముందునుంచీ?"

"ఆయనకి పిచ్చేటమ్మా!" ఆవిడ మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "ఆయన నోరిప్పితే పొయ్యి కాడ అందరూ నవ్వలేక సచ్చీవోరు. మాటలంటే ఆయనే."

మాటలంటే ఆయనే. అలాంటి మనిషిని తీసుకెళ్ళి మాట్లాడటానికి మేకలు తప్ప ఏమీ లేని చోట పడేశారు. ఆ ఏజెంటు ఆ రోజు నా ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. తర్వాత మా అటెండరుని పంపి కబురు పెట్టాను, రాలేదు. ఆఫీసుకి తాళం వేసుకుని హైదరాబాదు పోయాడన్నారు.

డాక్టరు గారు వచ్చాక సంగతి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "చూడని మనిషికి సర్టిఫికెట్ ఎలా ఇస్తాను సిస్టర్?" అన్నారు. అందులో తప్పులేదు. తర్వాత ఆవిడ వైపు తిరిగి మెల్లగా, "అమ్మా, ఆ కాగితం ఇస్తే వాళ్ళు జాలిపడరు. పిచ్చి అని ముద్ర పడితే విమానం ఎక్కించరు. అక్కడే పిచ్చాసుపత్రిలో పెట్టేస్తారు. నయమైందని ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?" అన్నారు. ఆవిడకి సగం అర్థమైంది. ఆ సగానికే మొహం పాలిపోయింది.

అప్పుడు నాకు తట్టింది, ఈ ఆడమనిషిని ఇంతవరకూ ఎవరూ తన గురించి ఒక్క మాట అడగలేదని. కానిస్టేబులు మీవాడేనా అని అడిగాడు. ఏజెంటు కాగితం అడిగాడు.

"నీకు నిద్ర పడుతోందా?" అన్నాను.

"నాకేటమ్మా, నాను బానే ఉన్నాను."

కూతురు బల్ల కింద కాళ్ళూపుకుంటూ, "అమ్మ నిద్దరోదు. గోడతో మాటాడతాది" అంది.

తల్లి ఆ పిల్ల నెత్తిమీద ఒక్కటిచ్చింది, గట్టిగా కాదు. నేను కొత్త కేసు షీటు తీసి ఆవిడ పేరే రాశాను. ఎవరి పిచ్చికో కాగితం కోసం వచ్చిన ఆవిడ, తన పేరు మీద కాగితం తెరిచేసరికి మొదట కంగారుపడింది. తర్వాత, "మరేటి సేతనమ్మా. గోడైతే అడ్డు సెప్పదు" అంది. అదే రాశాను.

వెళ్ళబోతూ కొంగు ముడి విప్పి ఒక చీటీ చూపించింది. కానిస్టేబులు ఇచ్చాడట. దానిమీద ఒక ఫోను నంబరు, పక్కన ఇంగ్లీషులో ఒక పేరు. చక్కటి తెలుగు పేరు.

"ఈ నంబరుకి చేశావా?"

"జైలు పెద్దోడిదనుకున్నానమ్మా. ఆళ్ళ బాస నాకెలాగొత్తాది?"

ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది, ఇది తెలుగువాడి నంబరు, మాట్లాడొచ్చు అని. ఆ మాట చెప్పడానికి కానిస్టేబులు నోరు అరిగిపోతుందా? ఆవిడ ఆ చీటీని కొంగున కట్టుకుని చెరుకు నరుక్కుంటూ తిరుగుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఓపీ అయ్యాక చెయ్యి పట్టుకుని ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకి లాక్కుపోయాను.

ఆ అద్దాల గదిలో ఒక మనిషి నిలబడటమే కష్టం. మేం ముగ్గురం దూరాం. నేనూ ఆవిడా ఒకే రిసీవరుకి చెరో పక్కా చెవి ఆనించాం. పిల్ల తల్లి కాలు పట్టుకుని కింద ఇరుక్కుంది. బూతు ఆయన బయటి నుంచి "లైను తగిలింది సిస్టరూ, మాటాడండి" అని అరిచాడు.

అవతలి మనిషిది కరీంనగర్ వైపు యాస. ఒక కిరాణా దుకాణంలో పనిచేస్తాడట. శుక్రవారం సెలవు. ఆ సెలవు రోజున జైలుకి వెళ్ళి, తెలుగువాళ్ళు ఎవరుంటే వాళ్ళ తరఫున అక్కడి డాక్టరుకి, అధికారులకి మాట చెప్పి వస్తాడు. ఎవరూ వెయ్యని పని, తనంతట తనే నెత్తినేసుకున్నాడు.

"ఆయన సంగతి మంచిగ లేదు సిస్టర్. ఒక్కన్ని వేరే రూముల వెట్టిన్రు. చేతులు మంచానికి కట్టిన్రు. సూదులు ఇస్తున్నరు. మన దిక్కు పోయేటోళ్ళకు మాఫీ ఇచ్చిన్రు ఇక్కడ, మస్తు మందిని పంపిస్తున్నరు. ఈయనకు మాత్రం పిచ్చి అని రాసిన్రు. గట్ల రాస్తే పంపరు. పెద్ద పిచ్చి దవాఖానకు మారుస్తరట."

"చేతులెందుకు కట్టారు?"

"సచ్చిపోత అంటడు కద సిస్టర్."

ఆవిడ రిసీవరుని ఇంకాస్త తన చెవి వైపు లాక్కుంది. నాకు మా మేట్రనమ్మ తిట్టు గుర్తొచ్చింది.

"బాబూ, మీకు అర్థమైంది నాకొద్దు. ఆయన నోటితో ఏమన్నాడో ఆ మాట చెప్పండి."

అతను గుర్తు చేసుకుంటూ చెప్పాడు.

"గుంట అంటడు సిస్టర్. ఎప్పుడు జూసినా గుంట, గుంట. నన్ను గుంట కాడికి పంపుమంటడు. గుంటను జూడాలె అంటడు. గుంటెందుకే అంటె ఏడుస్తడు. మా దిక్కు గుంట అంటె తవ్వుతం కద, గది. నన్ను బొందవెట్టుమని అడుగుతున్నడని సమజైంది నాకు. డాక్టర్ ఏమంటున్నడు అని అడిగితె, ఖబర్ అన్న. సమాధి కావాలంటున్నడు అని."

ఆవిడ నా చేతిలోంచి రిసీవరు లాగేసుకుంది.

"గుంటేటి బాబూ! గుంటంటే మా పిల్ల! మా కూతురు! ఇదిగో ఇక్కడే ఉంది, నా కాలట్టుకోని నిలబడింది! ఓలమ్మో, నా మొగుడు సావునడగలేదు నాయినా! కూతుర్ని సూత్తానన్నాడు! కూతుర్ని సూత్తానంటే సేతులు కట్టేసేరా?"

బూతు ఆయన లేచి నిలబడిపోయాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు.

ఇతర జిల్లాల వాళ్ళకి చెబుతున్నాను. మా ఉత్తరాంధ్రలో ఆడపిల్ల గుంట, మగపిల్లాడు గుంటడు. ముద్దొచ్చినా అదే, కోపమొచ్చినా అదే. నన్ను మా నాన్న, నేను హెడ్ నర్సునయ్యాక కూడా, చర్చి మెట్ల మీద పదిమందిలో "ఏయ్ గుంటా" అని పిలిచేవాడు. గోదావరి దాటితే గుంట అంటే గొయ్యి. ఆ మాట ఒక కిరాణా దుకాణం మనిషి చెవిలో గొయ్యి అయింది. జైలు డాక్టరు పెన్నులో సమాధి అయింది. మన రాయబార కార్యాలయం దాకా వచ్చేసరికి ఆత్మహత్య అయింది. కానిస్టేబులు సైకిలు దిగి చెప్పేసరికి పిచ్చి అయింది. ఇంతమందిలో ఒక్కరు, ఒకే ఒక్కరు, అసలు ఏమన్నావు బాబూ అని ఆ మనిషిని తిరిగి అడగలేదు.

అవతల ఆ కరీంనగర్ ఆయన ఏడుస్తున్నాడు. "నేనే జెప్పిన సిస్టర్. నా నోటితోని నేనే జెప్పిన. మేం పోరి అంటం. నాకు తెల్వదు సిస్టర్." అతన్ని తిడదామని నోటి దాకా వచ్చింది. తిట్టలేకపోయాను. వారమంతా బియ్యం బస్తాలు మోసి, ఉన్న ఒక్క సెలవూ జైలు గుమ్మంలో గడిపే మనిషిని ఏమని తిట్టను? తిట్టాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు. వందలమంది పరాయి దేశస్థుల్ని లోపల పెట్టుకుని, వాళ్ళ భాష తెలిసిన మనిషిని ఒక్కడిని పెట్టుకోని జైలు వాళ్ళున్నారు. మన దేశం పేరు చెప్పుకుని ఒకసారి వెళ్ళి, పేరేమిటి, తండ్రి పేరేమిటి, పాస్‌పోర్టు నంబరెంత అని అడిగి కారెక్కేసిన మన అధికార్లున్నారు. నిద్ర పడుతోందా, తింటున్నావా, ఇంటి మీద బెంగగా ఉందా అని అడగడం వాళ్ళ పని కాదట. బెంగ పెట్టుకున్న మనిషికి ఒక్క ఫోను కలిపి ఉంటే పోయేదానికి సూదులు పొడిచారు. ఆ సూదులు నాకు తెలుసు. మా వార్డులోనూ ఉండేవి. నాలుక మొద్దుబారి మాట ముద్దముద్దగా వస్తుంది. అసలే అర్థం కాని మాట, ఇంకా అర్థం కాకుండా పోతుంది.

"మీ పిల్లకి ఫోను ఇయ్యున్రి. నేను పోయి ఆయనకు జెప్తా, గొంతు విన్న అని జెప్తా" అన్నాడతను. పిల్లని ఎత్తుకుని రిసీవరు చెవికి పెట్టాను. ఆ పిల్ల విన్నదంతా విని, గట్టిగా తలూపింది. మళ్ళీ ఊపింది.

"తలూపితే ఆయనకెలా కనపడుతుందే, నోటితో చెప్పు!" అని నేను కేకేశాను. పిల్ల బెదిరి నోరు బిగించేసింది. చివరికి తల్లే చెప్పింది. "గుంట బాగుందని సెప్పు బాబూ. బడికెల్తందని సెప్పు. నాన్నేడీ అని అడుగుతందని సెప్పకు, బెంగెట్టుకుంటాడు."

ఆ శుక్రవారం అతను వెళ్ళి, ఖబర్ కాదు, బింత్ అని చెప్పాడు. అరబ్బీలో బింత్ అంటే ఆడపిల్ల, కూతురు. సమాధి కాదయ్యా కూతురు అని ఒకటికి పదిసార్లు చెప్పాడట. జైలు డాక్టరు ఏమన్నాడో తెలుసా? రాసింది రాశాను, నీ మాట మీద ఎలా కొట్టేస్తాను, ఆ ఊరి ఆసుపత్రి నుంచి డాక్టరు సంతకంతో తెప్పించు అన్నాడు. సమాధి అని రాయడానికి ఈ కిరాణా మనిషి నోటి మాట చాలింది. కూతురు అని రాయడానికి మాత్రం స్టాంపు కావాలి! క్షమాభిక్ష గడువు దగ్గర పడుతోందని, పిచ్చాసుపత్రికి మార్చే లోపల పంపమని, అతను మా ఆసుపత్రి ఆఫీసుకి ఫోను చేసి చెప్పాడు.

మళ్ళీ గురువారం. డాక్టరు గారు కుర్చీలో కూర్చోకముందే అందుకున్నాను.

"సార్, ఒక సర్టిఫికెట్ కావాలి."

విషయం అంతా విన్నారు. గుంట అంటే ఏమిటో ఆయనకీ తెలుసు, అన్నేళ్ళు మా వాళ్ళని చూసి నేర్చుకున్నారు. అయినా పెన్ను తియ్యలేదు.

"అన్యాయమే సిస్టర్, కాదనను. కానీ భాషకి సర్టిఫికెట్ ఇవ్వడం మన డిపార్టుమెంటు కాదు కదా. ఏ తెలుగు పండితుడినో..."

"పండితుడి దగ్గర హాస్పిటల్ స్టాంపు ఉంటుందా సార్?"

"పై నుంచి అడిగితే? మెడికల్ సర్టిఫికెట్ అంటే దానికో పద్ధతి ఉంది. మాటకి అర్థం రాసి సంతకం పెట్టారేంటి అంటే నేనేం చెప్పను?"

"సార్, అక్కడ మనిషి చేతులు కట్టేసున్నాయి. మీరు పద్ధతి గురించి మాట్లాడుతున్నారు."

"కేకలెయ్యకండి సిస్టర్, పేషెంట్లు ఉన్నారు."

పేషెంట్లు ఉన్నారు కదా! నాకు అప్పుడే తట్టింది. తలుపు బార్లా తీసి, వసారాలో వరసగా కూర్చున్న వాళ్ళని చూసి అరిచాను.

"ఏమర్రా, గుంటంటే ఏటి?"

వసారా అంతా ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత ముందున్న ముసలమ్మ, "ఆడపిల్ల కదేటమ్మా" అంది. వెనకాల నుంచి "ఆడపిల్లే", "పిల్ల సిస్టరమ్మా", "మా గుంట ఇంటికాడుంది" అని నాలుగు గొంతులు లేచాయి. ఆర్నెల్లుగా నోరు విప్పని ఒక కుర్రాడు, తల్లి పక్కన తల వంచుకుని కూర్చునేవాడు, తలెత్తి తల్లితో, "సిస్టరమ్మకేటైపోనాదే? ఆవిడకీ మన మందులే ఏత్తారేటి?" అన్నాడు. వసారా ఘొల్లుమంది. ఆ కుర్రాడి తల్లి నవ్వుతూ ఏడ్చింది, వాడు మాట్లాడినందుకు.

డాక్టరు గారూ నవ్వారు. నవ్వుతూనే లెటర్‌హెడ్ లాక్కున్నారు. ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశారు. ఈ ప్రాంతపు వాడుకలో ఈ మాటకి అర్థం ఆడపిల్ల, కూతురు అని మొదటిది. కూతురి మీద బెంగ జబ్బు కాదు అని రెండోది. ఆ రెండోది నేను అడిగింది కాదు. సంతకం పెట్టి, స్టాంపు తనే గట్టిగా గుద్దారు. "పై వాళ్ళు అడిగితే మీ పేరు చెబుతాను" అన్నారు. "నా పేరే చెప్పండి సార్" అన్నాను. ఎవరూ అడగలేదు. అడిగే ఓపిక కూడా పై వాళ్ళకి ఉండాలి కదా.

కాగితం స్టేషన్ రోడ్డులో ఒక జిరాక్సు షాపు నుంచి ఫ్యాక్స్ చేశాం. ఆవిడ ఆ మిషను వైపు దణ్ణం పెట్టింది.

ఇక్కడితో కథ అయిపోయిందనీ, నిజం గెలిచిందనీ మీరు అనుకుంటారని నాకు తెలుసు. నేనూ అనుకున్నాను. చేతుల కట్లు విప్పారని, నలుగురున్న గదిలోకి మార్చారని ఆ కరీంనగర్ ఆయన చెప్పాడు. పిచ్చాసుపత్రికి మార్చడమైతే ఆగింది. కానీ క్షమాభిక్ష విమానం వెళ్ళిపోయింది. మావాడి పేరు "పరిశీలనలో ఉంది" అని పక్కన పెట్టారు. ఏం పరిశీలన? కూతురు అంటే కూతురేనా అని పరిశీలనా? అన్ని నెలలూ ఆ సూదులు మాత్రం మానలేదు. అలవాటైన మందు ఒక్కసారి ఆపకూడదన్నారట. నేను ఆ కరీంనగర్ ఆయన చేత చెప్పించాను, మెల్లగా తగ్గించుకుంటూ రమ్మని. పరాయి దేశంలో ఖైదీ మాటే వినని వాళ్ళు, ఎక్కడో అనకాపల్లి నర్సు మాట వింటారా?

ఆవిడ మాత్రం గురువారం గురువారం వచ్చేది, తన షీటు తను పట్టుకుని. వసారాలో ఉన్న ఆడవాళ్ళతో కూర్చునేది. గోడతో మాట్లాడటం తగ్గిందని ఒకరోజు తనే చెప్పింది. "ఇక్కడైతే తిరిగి సెప్తారమ్మా" అంది. తిరిగి జవాబు చెప్పే మనుషులు దొరికారని అర్థం. అంతకు మించిన వైద్యం ఆవిడకి నేనేం చేశాను?

ఫ్యాక్స్ పంపింది చెరుకు నరికే రోజుల్లో. మనిషి వచ్చింది మళ్ళీ చెరుకు నరికే రోజులకి. ఆ పరిశీలన ఎలా ముగిసిందో ఎవరూ చెప్పలేదు, ఒకరోజు విమానం ఎక్కించేశారు.

విశాఖపట్నంలో రైలు దిగినవాడిని ఆవిడ ఇంటికి తీసుకెళ్ళి, ఆ వచ్చిన గురువారమే ఓపీకి తీసుకొచ్చింది. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పాడు. అక్కడ ఎవరూ విప్పరు. సన్నగా, నల్లగా, వేళ్ళు వణుకుతూ ఉన్నాడు. "నమస్కారమండి. కూర్చోమంటారాండి?" అన్నాడు. పాకం పొయ్యి దగ్గర అందర్నీ నవ్వించిన మనిషి నోట్లోంచి ఒక్కో మాటా తూకం వేసినట్టు వస్తోంది. మాట చివర అండి తగిలిస్తున్నాడు, అటెండరుకి కూడా.

పిల్ల తల్లి వెనక నక్కింది.

"రా పాపా, ఇలా రామ్మా" అన్నాడతను.

పిల్ల రాలేదు. తల్లి కొంగులోంచి తొంగి చూసి, నాతో చెప్పింది. "వచ్చినకాడి నుంచీ పాపా అంటన్నాడు. మా నాన్నయితే గుంటా అంటాడు."

అతను ఉలిక్కిపడ్డాడు. గబుక్కున నా చేతి వైపు చూశాడు. వేరే రోగి కోసం సిద్ధం చేసిన ట్రే నా చేతిలో ఉంది. అందులో సిరంజి ఉంది.

"ఆ మాటనకూడదు తల్లీ" అన్నాడు గుసగుసగా. తర్వాత నాతో, అండిలన్నీ మరిచిపోయి, మా మాటలో చెప్పాడు. "అంటే సూదేసీవోరమ్మా. మళ్ళీ అంటే మళ్ళీ సూదే. ఇంక అనకూడదనుకునీవోడిని. నోరు ఊరుకునీది కాదు. తర్వాత తర్వాత నోరే ఊరుకుంది."

నేను ట్రే తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాను. డాక్టరు గారు పెన్ను మూసి పక్కన పెట్టేశారు.

"ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యరు. అను బాబూ" అన్నాను. మెల్లగా అందామనుకున్నాను. నా గొంతు ఎప్పటిలాగే కేకలా వచ్చింది.

అతను గుమ్మం వైపు చూశాడు, డాక్టరు గారి వైపు చూశాడు. "అనొచ్చేటమ్మా?" అన్నాడు.

తన కూతుర్ని తను పిలుచుకోడానికి ఒక తండ్రి నన్ను పర్మిషన్ అడిగాడు. ఓర్పు గురించి చెప్పమని నన్ను పిలిచే వాళ్ళు ఆ గదిలో ఉండాల్సింది.

పిల్ల తల్లి వెనక నుంచి బయటికొచ్చి అతని చొక్కా పట్టుకుని లాగింది. "అను నాన్నా. సిస్టరమ్మ ఏటీ అనదు."

అతను కళ్ళు గట్టిగా మూసుకుని, "గుంటా" అన్నాడు. అంటూనే, ఎవరూ అడక్కుండానే, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, జబ్బ నా ముందు పెట్టాడు.